పేరు అడిగిన మనిషి

"పాప పేరేంది భయ్యా?"

పిల్లల వార్డు ముందు బెంచీ మీద కూర్చున్న ఆమె మళ్లీ అడిగింది.

అరుణ్‌కుమార్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వారం రోజులుగా అదే బెంచీ, అదే నల్ల బురఖా, అదే ప్రశ్న.

అతని తల్లి ప్రమీలమ్మే అందుకుంది.

"తొట్టెల గాకముందే పేరడుగుతరా ఎవలన్న? మా పిల్ల పేరు నీకెందుకు?"

"ఊరన్న చెప్పు అవ్వా."

"ఊరు చెప్తే ఇంటికొస్తవా ఏంది?"

ఆమె లేచింది. నీడ పడే వైపు ప్రమీలమ్మకు వదిలి, తాను ఎండ పడే వైపుకు జరిగి కూర్చుంది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి ఆస్పత్రికి వచ్చే దారిలోనే అతని భార్య ప్రణీతకు నొప్పులు ముదిరాయి. నెలలు నిండకుండానే పాప పుట్టింది. బరువు కిలోన్నర కూడా లేదు. మరునాటికి ప్రణీత లేదు.

అరుణ్‌కుమార్‌కు ఏడవడానికి తీరిక దొరకలేదు. పాప గాజు పెట్టెలో ఉంది.

అతను అడగడం మొదలుపెట్టాడు. నోటితో అడిగితే పని కాని చోట కాగితం మీద రాసి ఇచ్చేవాడు. గుండ్రటి దస్తూరి అతనిది. మొదటి అర్జీకి పెద్ద డాక్టర్ వచ్చి చూశాడు. రెండో అర్జీకి రోజుకు రెండుసార్లు పాపను అద్దంలోంచి చూడనిచ్చారు.

మూడో అర్జీ పాల గురించి.

డబ్బా పాలు పడితే పాప పొట్ట ఉబ్బుతోంది.

"దీనికి తల్లిపాలే కావాలె," అన్నాడు డాక్టర్.

"తల్లి లేదు సార్."

డాక్టర్ అతని భుజం మీద చేయి వేసి వెళ్లిపోయాడు.

హైదరాబాద్‌లో తల్లిపాల బ్యాంకు ఉందని ఎవరో చెప్పారు. అక్కడి నుంచి పాలు తెప్పించమని రాసి ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత నర్సు లిదియా ఒక కాగితం పట్టుకొచ్చింది.

"వేరే తల్లి పాలు తాపుతం అన్నా. పరీక్షలన్నీ చేసినం. సంతకం పెట్టు."

"ఎవలివి సిస్టర్?"

"పేర్లు చెప్పొద్దు. రూలు."

పాప పొట్ట తగ్గింది. బరువు ఇరవై గ్రాములు పెరిగింది.

"నీ చేతిరాతకు హైదరాబాదే కదిలింది బిడ్డా," అంది ప్రమీలమ్మ. భార్య పోయాక ఆ రోజే అతను కడుపు నిండా తిన్నాడు.

బెంచీ మీది ఆమె సంగతి గేటు కాపలా బాలయ్య చెప్పాడు.

"ఆమె పిల్ల లోపల లేదు సారూ. ఈ వార్డుల్నే పోయింది. అయినా పొద్దున మొదటి బస్సుకే వచ్చి దిగుతది."

ప్రమీలమ్మ ముఖం పాలిపోయింది.

"పిల్ల పోయిన తల్లికి వేరే పిల్లల కాడ ఏం పని? మన పిల్ల పేరే ఎందుకడుగుతది? ఎత్తుకపోతదిరా! రాయి, కాగితం రాయి!"

అతను నాలుగో అర్జీ రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. 'వార్డులో బిడ్డ లేని ఒకామె రోజూ వార్డు ముందు కూర్చుంటోంది. మా పాప పేరూ ఊరూ అడుగుతోంది. మాకు భయంగా ఉంది.'

మరునాడు బాలయ్య ఆమెను గేటు దగ్గరే ఆపాడు.

"నీ మీద కాగితం వచ్చింది చెల్లె. లోపలికి పంపొద్దన్నరు."

"ఎవరు రాసిండ్రు?"

"గా ఎల్లారెడ్డి పిల్ల తండ్రి."

"ఎల్లారెడ్డా..." అని ఆమె మెల్లగా అనుకుంది.

బాలయ్య తన సీసాలోని నీళ్లిచ్చాడు. తాగి, రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకుని, మహమ్మద్‌నగర్ బస్సు వైపు నడిచింది.

పై అంతస్తు కిటికీలోంచి అరుణ్‌కుమార్ చూశాడు. గుండె తేలికపడింది.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు మళ్లీ డబ్బా పాలు పట్టారు, పాప పొట్ట ఉబ్బింది. నాలుగో రోజు పచ్చగా కక్కింది. ఐదో రోజు అన్నీ ఆపేసి సెలైన్ ఒక్కటే ఉంచారు.

"చేసేదంతా చేస్తున్నం," అన్నాడు డాక్టర్. ఈసారి భుజం మీద చేయి వేయలేదు.

అరుణ్‌కుమార్ ఐదో అర్జీ రాశాడు. అక్షరాలు గుండ్రంగా రాలేదు. 'హైదరాబాద్ నుంచి పాలు ఎందుకు ఆగిపోయాయి?'

సెలవు ముగించుకుని ఆ పొద్దునే వచ్చిన లిదియా ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"హైదరాబాద్ నుంచి ఎన్నడొచ్చినయి అన్నా?"

"మరి?"

"ఆమె ఇక్కడికే వచ్చి పాలు పిండి ఇచ్చిపోయేది. అవి తాగేది మీ పాపనే అని తనే పసిగట్టింది. ఫ్రిజ్‌ల ఉన్న పాలు రెండు రోజులొచ్చినయి. తనే బంద్ చేసిందేమో అనుకున్నరట మావోళ్లు. గేటు కాడి సంగతి నాకు ఇప్పుడే తెలిసింది."

అరుణ్‌కుమార్ బెంచీ వైపు చూశాడు. ఎండ పడే వైపు ఖాళీగా ఉంది.

"పిలువు సిస్టర్. నేను కాళ్లు మొక్కుత. ఇప్పుడే పిలువు."

"ఫోన్ చేసిన. వస్తనన్నది అన్నా, గని ఆమెకు ఇప్పుడు పాలు లేవు. పాలు గడ్డలు కట్టి జ్వరమొస్తే, ఇంకిపోనీకి ఎదకు మల్లెపూలు కట్టిండ్రట ఇంట్లోళ్లు."

ప్రమీలమ్మ గోడ పట్టుకుని నేల మీద కూలబడింది.

"తిట్టిందా మమ్ముల?" అడిగాడతను.

"లేదు. పాలు తాగిన పిల్ల కడుపున పుట్టిన పిల్లతోని సమానం వాళ్ల మతంల. ఇన్ని రోజులు మిమ్ముల అడిగిందే మళ్ల నన్ను అడిగింది అన్నా..."

లిదియా కళ్లు తుడుచుకుంది.

"'నా బిడ్డ పేరేంది?' అని."