రెండో చార

స్నానానికి కుళాయి తిప్పితే గోరువెచ్చని నీళ్లే వచ్చాయి. రెయినోకి ఒళ్లు మండింది. పెరట్లోని కట్టెల బాయిలర్ నిండా పొద్దున్నే మేపుల్ దుంగలు వేశాడు. భూమిలో గొట్టాలు వేసి, ఆ వేడిని నేలమాళిగలోని గీజరుకి కలిపింది తమ్ముడు టౌనో. ఆకులు రాలే రోజుల్లో ఒక్కడే తవ్వాడు, ఒక్కడే బిగించాడు. అన్నని దగ్గరికి రానివ్వలేదు.

సాయంత్రం ఐదుకే చీకటి పడింది. రెయినో టార్చి తీసుకుని బయటికొచ్చాడు. గొట్టం పోయిన దారిలో మంచు కరిగి, బాయిలర్ నుంచి ఇంటిదాకా నల్లటి చార కనిపించింది. ఇంకో చార చెట్లలోకి, వాగు పక్కన టౌనో చేపలు పట్టుకునే గుడిసె వైపు పోయింది. చలికాలం ఆ గుడిసెలో ఎవరూ ఉండరు.

బాయిలర్ వెనక ఆ రెండో గొట్టం వాల్వు మూసేసి, తమ్ముడికి ఫోను చేశాడు.

“ఒరేయ్ దొంగవెధవా, నా కట్టెలతో నీ గుడిసెకి వేడా? అడిగితే ఇవ్వనా?”

టౌనో నవ్వలేదు. “వాల్వు మూశావా అన్నా?”

“మూశాను.”

“తెరువు. వదినకి చలి పడదు.”

రెయినో భార్య ఐలి చనిపోయి రెండేళ్లయింది. శవపెట్టె మీద మొదటి పార మట్టి రెయినోయే వేశాడు. పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చినవాడు టౌనో.

“ఏం కూశావురా?”

“నీ దగ్గరికే వెళ్లమన్నాను అన్నా. వెళ్లనంటోంది. నేనేం చెయ్యను?”

ఫోనులో, టౌనో వెనక, ఎవరో దగ్గారు. ఇరవై ఆరేళ్లు పక్కలో విన్న దగ్గు అది.

రెయినో ఫోను మంచులో పడేశాడు. రెండు చేతులతో పట్టుకుని వాల్వుని ఇంకా బిగించాడు.