రెండో సీసా

మా వాసనల షాపుకి వచ్చేవాళ్ళలో తల్లులే ఎక్కువ. ఎన్నిసార్లు ఉతికిన గుడ్డలోనైనా మిగిలిన వాసనని మా మిషను పట్టి సీసాలో పోస్తుంది. మూత తీస్తే ఆ రోజులు తిరిగొస్తాయి.

నిన్న ప్రణతి గారు ఒక పసివాడి చొక్కా తెచ్చారు.

"మా నిహాంత్‌దమ్మా. ఎనిమిదో నెలలో పోయాడు. ముప్పయ్యేళ్ళయింది."

మిషను రెండు వాసనలు చూపించింది, పైన ఒకటి, అడుగున ఒకటి.

"ఇది వేరే పిల్లలు కూడా తొడుక్కున్నారా?" అన్నాను.

"పుట్టగానే పాతబట్టలే తొడగాలి కదా. మా తోటికోడలి కొడుకుది అడిగి తెచ్చాను. ఆవిడ ఉద్యోగానికి వెళ్ళేది, వాణ్ణీ నేనే పెంచాను."

రెండు వాసనలనీ రెండు సీసాల్లో పోసి, ఏది పైదో చెప్పకుండా చేతికిచ్చాను. మొదటిది వాసన చూసి తల అడ్డంగా ఊపారు. రెండోది చూడగానే ఏడ్చేశారు.

"ఇదే. ఆముదం, సాంబ్రాణి పొగ, పాలు కక్కిన మెడ. మా నాన్నే!"

అది అడుగున ఉన్న వాసన. ముందు తొడుక్కున్నవాడిది.

నిజం నోటిదాకా వచ్చింది. ఆవిడ అప్పటికే సీసాని గుండెకి హత్తుకుని, నెమ్మదిగా జోకొడుతున్నారు.

"మరి ఈ మొదటిదో అమ్మా?"

"వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాడిదెందుకు? పారెయ్యి."

ఆవిడ వెళ్ళాక ఆ సీసా మీద నిహాంత్ అని రాసి, అల్మరాలో పెట్టాను.