సృష్టి పరీక్ష తప్పినవాడు

"మావాణ్ణి సృష్టిలో ఫెయిల్ చేస్తారా?"

రాయిస్ టగుల్ జవాబుపత్రాన్ని బయాలజీ టీచరు బల్లమీద విసిరికొట్టాడు. మామూలు మనిషి కాదు. స్కూలు బోర్డుకి అధ్యక్షుడు, బాప్టిస్టు చర్చిలో డీకన్ హోదా ఉన్న సంఘ పెద్ద, మా ఊరి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క పశువుల దాణా కొట్టుకి యజమాని. అలాంటివాడు అరిస్తే ఎవరైనా లేచి నిలబడతారు. లోరీన్ పికెట్ టీచరు మాత్రం ఐస్ టీ తాగుతూ కూర్చుంది. ఈ రాయిస్‌కి ఇదే గదిలో కప్పని కోయడం నేర్పింది ఆవిడే.

"కూర్చో రాయిస్. ముందు టోపీ తియ్యి."

తీశాడు. కూర్చున్నాడు కూడా.

"నేను చెయ్యలేదు, వాడే అయ్యాడు. పరిణామంలో పూర్తి మార్కులు. సృష్టిలోనే తన్నేసింది. రెండూ కలిపి నూటికి డెబ్బై రావాలి, రాలేదు. నేనేం చెయ్యను?"

"రేపు ఆట ఉంది టీచర్!"

అదీ అసలు సంగతి. ఏ సబ్జెక్టు తప్పినా ఆటలో దిగడానికి వీల్లేదని టెక్సస్‌లో రూలు. రేపు శుక్రవారం పక్క ఊరితో ఫుట్‌బాల్ పోటీ, చేత్తో బంతి విసిరే మా అమెరికా రకం. ఓడితే ఈ ఏటికి ఇంటికే. మా జట్టులో బంతి విసరడం చేతనైనవాడు ఒక్కడే, వాడు రాయిస్ కొడుకు వేడ్.

"అసలు సృష్టికి పరీక్షేంటండీ, విడ్డూరం కాకపోతే!"

"సైన్సు క్లాసులో రెండింటినీ సమానంగా చెప్పి తీరాలని బోర్డులో బల్ల గుద్దింది నువ్వే కదా? కోతి పాఠానికి పరీక్ష పెట్టి, దేవుడి పాఠానికి పెట్టకపోతే దేవుణ్ణి చిన్నబుచ్చినట్టు కాదూ?"

"పెడితే పెట్టారు, అంత కష్టమైన ప్రశ్నలా?"

"కష్టమా? ఏదీ, నువ్వు చెప్పు. నోవహు ఓడలోకి గొర్రెల్ని ఎన్నింటిని ఎక్కించాడు?"

"రెండు. పాలు తాగే పిల్లాడు కూడా చెప్తాడు."

"శుద్ధమైన జంతువులు ఏడేసి. గొర్రె శుద్ధమైనదే." లోరీన్ సొరుగులోంచి బైబిలు తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. "సూర్యుడు ఏ రోజు పుట్టాడు?"

"మొదటి రోజే కదా, వెలుగు..."

"వెలుగు మొదటి రోజు. సూర్యుడు నాలుగో రోజు. నువ్వూ తప్పావు నాయనా."

ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునే మనిషికి చెవులు ఎర్రబడ్డాయి. "ఇది విశ్వాసం టీచర్! మార్కులేసే వ్యవహారం కాదు!"

"ఆగస్టులో బోర్డు ముందు నేను మొత్తుకున్నది అదే. నువ్వేమో నన్ను నాస్తికురాలివన్నావు. ముందటి ఆదివారమే మీ చర్చిలో నీ వెనక నిలబడి పాట పాడాను నేను."

అప్పుడు కోచ్ బోడీన్ తలుపు తోసుకుని వచ్చాడు. ఆయనకి పాపం సృష్టి మీదా పరిణామం మీదా ఏ అభిప్రాయమూ లేదు.

"ఏమయ్యా రాయిస్, వేడ్ లేకుండా ఎవణ్ణి దింపమంటావు, నీ దాణా బస్తానా? ఈ సృష్టి గోలేదో సీజనయ్యాక పెట్టుకోకూడదూ?"

తుఫాను ఊరి మీద పడితే తప్ప జరగని బోర్డు అత్యవసర సమావేశం ఆ సాయంత్రమే జరిగింది. ఎప్పటిలాగే ప్రార్థనతో మొదలైంది. సృష్టి వంటి పవిత్రమైన విషయాన్ని మార్కులతో తూచడం మహాపాపం కనుక సైన్సు క్లాసులోంచి దాన్ని తీసెయ్యాలనీ, అదీ ఈ ఏడాది మొదటి రోజు నుంచీ తీసేసినట్టు లెక్క అనీ రాయిస్ టగుల్ స్వయంగా తీర్మానం పెట్టాడు. చేతులన్నీ లేచాయి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా పాస్టరుగారు. రేపటి ఆటకి ఆయన దగ్గర మంచి సీటు టికెట్టుంది.

లోరీన్‌కి పట్టలేనంత సంతోషంగా ఉంది. ఆగస్టు నుంచీ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. అయినా ఒక సందేహం మాత్రం పీకుతూనే ఉంది. శుక్రవారం సాయంత్రం స్టేడియం లైట్లు వెలిగేసరికి వెళ్ళి కంచె దగ్గర వేడ్‌ని పట్టుకుంది.

"ఒరే, నిజం చెప్పు. గొర్రెల లెక్క తెలియలేదంటే సరే, మీ నాన్నకే తెలీదు. ఆదాము భార్య పేరు కూడా తెలీదట్రా? 'మిసెస్ ఆదాము' అని రాస్తావా?"

వేడ్ చుట్టూ చూశాడు. తండ్రి దూరంగా హాట్‌డాగ్ తినడంలో మునిగి ఉన్నాడు. వాడు గొంతు తగ్గించి, వెలుగు దగ్గర ఎత్తుకుని, నాలుగో రోజు సూర్యుడు, ఏడేసి గొర్రెల మీదుగా, ఓడ కొండమీద ఆగేదాకా ఒక్కచోట కూడా తడబడకుండా గడగడా అప్పజెప్పేశాడు.

మైదానంలో ఈల మోగింది. వేడ్ హెల్మెట్ తగిలించుకుంటూ అన్నాడు:

"వచ్చే వారం ఆల్జీబ్రా పరీక్ష ఉంది టీచర్. దాన్నీ తీయించెయ్యమంటారా?"