గొట్టం మీద దిష్టికుండ

"పొగగొట్టం దూలానికి జానెడు దూరం ఉండాలె. వేలు తక్కువైనా కట్టె అంటుకుంటది. కొలిచినవా అమ్మా?"

అటక మీద బోర్లా పడుకొని, చెక్కలకు కోసిన బొక్కలోంచి కిందికి చూస్తూ అడిగాడు ఏలియా.

"జానెడు, ఇంకో రెండు వేళ్ళు," అంది వంటింట్లో స్టూలెక్కి నిలబడ్డ సుగుణ.

పొగలేని పొయ్యిలు కట్టడం మీద సుబేదారిలో మూడు రోజులు ట్రైనింగ్ అయిన మేస్త్రీ ఏలియా. అయితేనేం, సుగుణ అత్త అనసూయమ్మ వంటింటి గడప అతను తొక్కకూడదు. పెరట్లోంచి నిచ్చెన వేసుకొని అటకా కప్పూ ఎక్కి అతను చెబుతుంటే, కింది సగం పని కోడలు చెయ్యాలి. కోడలు మట్టి పిసికితే మాత్రం ఆ ఇంటి మడి చెడదట.

"సిమెంటు గొట్టం చుట్టూ రేకు కొట్టి, సందుల ఇసుక నింపు. గోనె గుడ్డలు గిట్ల కుక్కొద్దు, నిప్పంటుకుంటయి."

సుగుణ ఇసుక పోస్తూ పోస్తూ దగ్గు తెర ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"ఎన్నేండ్ల సంది అమ్మా ఈ దగ్గు?"

"ఆరేండ్లు. ఈ ఇంటికి కోడలిగ వచ్చినప్పటి సంది."

పొగ దగ్గరికి పోతే బతకవని దవాఖానలో డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెబితే అనసూయమ్మ పకపకా నవ్వింది.

"పొయ్యి పొగకు సచ్చినోళ్ళు యాడన్నా ఉన్నరా? ఎదురు చెప్పుడు మా ఇంట్ల లేదు. పోయి అన్నం వండు."

చివరికి గొట్టానికి ఒప్పుకున్నది కోడలి ఊపిరి కోసం కాదు, పాల కోసం. ఆవిడకు పూటపూటా మీగడ పాలు పడాలి, అవేమో పొగ వాసన వస్తున్నాయి.

"మరి పైన మూసుకపోతే ఏమైతదన్నా? పిట్ట గూడు కడితే?" అడిగింది సుగుణ.

"గందుకే రేకు టోపీ పెడుతున్న. దాని కింద నాలుగు వేళ్ళ సందు ఉంటది, అది ఎన్నడు మూయొద్దు. మంట ఉన్నప్పుడు మూసుకపోతే ఫికర్ లేదు, పొగకు దగ్గుకుంట బయటికి ఉరుకుతరు. ఉత్త నిప్పులున్నప్పుడు మూసుకపోతేనే కష్టం. పొగ కనపడదు, వాసన తెలువదు. మా మామ ఇటుకబట్టీ కాడ చలికి గుడిసెల నిప్పులు పెట్టుకొని తలుపేసుకున్నడు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. జర మీ అత్తమ్మకు గూడ చెప్పు."

"చెప్తనన్నా."

వారం తిరక్కుండానే సుగుణ దగ్గు సగానికి తగ్గింది. ఎంతోకాలానికి ఆ పిల్ల తిన్నది ఒంటబట్టింది. అది అనసూయమ్మ కంటబడింది.

"దగ్గు లేదు గద, ఇగ కూలిది ఎందుకు దండుగ? దుకాణానికి కారం నువ్వే దంచు."

కొడుకు వీరభద్రం ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన మిరపకాయల బస్తా అదే రోజు రోటి పక్కన దిగింది. అమ్మ మాటకు అతనూ ఎదురు చెప్పడు. మూడో రోజుకు సుగుణ కొంగులో నెత్తురు పడింది. చూసి అనసూయమ్మ, "కారం ఎరుపేమో, దులుపుకో," అంది.

పుష్యమాసం చలి. పొగ లేని వంటిల్లు వెచ్చగా ఉందని ఆవిడ మధ్యాహ్నం నిద్ర అక్కడికి మార్చింది. పిల్లి రాకుండా కిటికీకి చెక్క కొట్టించింది. కోడలు మీగడ ముట్టకుండా తలుపుకు లోపల గడియ వేసుకునేది. పక్కన నిప్పుల మీద పాలు సన్నగా కాగుతుండేవి.

ఆ రోజు పొద్దున సుగుణ రోకలి ఆపి, "అత్తమ్మా, ఎదురింటి కట్టమ్మ మళ్ళ మన గొట్టం దిక్కే చూస్తాంది. ముక్కు మీద వేలేసుకొని నిలబడ్డది. మొన్న గూడ గంటసేపు చూసింది," అంది.

నీళ్ళ పంపు దగ్గర తగువు పడ్డప్పటి నుంచి, రెండేళ్ళుగా, అనసూయమ్మ ఆ ఇంటి వైపు ముఖం తిప్పదు.

"దాని కండ్లు మండ! పొద్దుగాల సంది నా తలకాయ నొస్తాంది, గిందుకే గావచ్చు!" ఆవిడ గొంతు వాడంతా వినబడింది. "అటక మీద దిష్టికుండ ఉన్నది. గొట్టం మీద బోర్లించు."

"టోపీ ఉండంగ కుండ నిలవదేమో అత్తమ్మా."

"తీసి పారెయ్! గాలికి పడకుంట చుట్టూ మట్టి మెత్తు."

"సరే అత్తమ్మా. వంటయినంక పెడుత."

సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన వీరభద్రం ఎంత పిలిచినా వంటింటి తలుపు తెరుచుకోలేదు. గడియ విరగ్గొట్టారు. పాలు గిన్నెకు అడుగంటాయి. అనసూయమ్మ పండుకున్నది పండుకున్నట్టే ఉంది.

తెల్లారి కబురు విని ఏలియా పరుగున వచ్చాడు. గొట్టం పెట్టినవాడినే పట్టుకుంటారని అతని భయం. కానీ కుండ పెట్టమన్నది ఆవిడేనని వాడలో నలుగురు చెప్పారు. పోలీసాయన రాసుకొని వెళ్ళిపోయాడు. ఏలియా ప్రాణం కుదుటపడింది.

సుగుణను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. "మూయొద్దని చెప్పిన గదమ్మా. మీ అత్తమ్మతోని అనకపోయినవా?"

"ఎదురు చెప్పుడు మా ఇంట్ల లేదన్నా," అంటూ సుగుణ కళ్ళు తుడుచుకుంది.

మూఢనమ్మకం ముసలిదాన్ని మింగితే, నోరులేని ఈ పిల్ల ఏం చేస్తుంది అనుకున్నాడు ఏలియా. "ప్రభువే నిన్ను చల్లగ చూడాలె," అని, ఆనాటి నుంచి పెరట్లోనే ఉండిపోయిన తన నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

అప్పుడే ఎదురింటి ముందు రిక్షా ఆగింది. కూతురి కాన్పుకని ములుగు పోయిన కట్టమ్మ, నెలన్నర తర్వాత, చేతిసంచితో దిగింది. జనాన్ని చూసి గాబరాగా ఇవతలికి వచ్చింది. సంగతి విని అయ్యో అంది. తలెత్తి కప్పు వైపు చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఈ గొట్టం ఎప్పుడు పెట్టించిండ్రే సుగుణా?"