పావు కిలో పొటాష్

సత్తయ్య తమ ఇంట్లో మంచినీళ్లు కూడా ఎందుకు ముట్టడన్నది విశ్వేశ్వర్‌ను మూడేళ్లుగా వదలని సందేహం.

విశ్వేశ్వర్‌ది సంగారెడ్డిలో ఎరువుల దుకాణం. శనివారం ఒక్కపొద్దు తప్పని మనిషి. గడప తొక్కినవాళ్లను వట్టి కడుపుతో పంపడం ఆ ఇంట్లో లేదు.

తొంభై ఎనిమిదిలో ఒకనాడు, బక్కపలచని పెద్దమనిషి ఒకాయన దుకాణానికి వచ్చి పావు కిలో పొటాష్ అడిగాడు. అదీ ఎర్రది కాదు, తెల్లది.

బస్తాల లెక్కన అమ్మే విశ్వేశ్వర్‌కు నవ్వొచ్చింది.

"పావు కిలోతోని ఏం పండిస్తవయ్యా, మీసాలా?"

"చేపల తొట్టిల మొక్కలకు, సేటూ."

విశ్వేశ్వర్ నవ్వు అక్కడే ఆగింది.

అప్పటికి ఇంట్లో నాలుగు రోజులుగా చేపలు చస్తున్నాయి.

భార్య ప్రభావతికి నడుము ఆపరేషన్ అయింది. మంచం మీది మనిషికి పొద్దుపోవాలని ఆమె తమ్ముడు అద్దాల తొట్టి తెచ్చి ఎదురుగా పెట్టించాడు. పన్నెండు చేపలు, అడుగున పచ్చని నీటిమొక్కలు. పొద్దున లేవగానే ఆమె మత్స్యావతారమని తొట్టికే దండం పెట్టుకునేది.

ఆకులు పాలిపోవడం చూసి విశ్వేశ్వర్ ఊరుకోలేకపోయాడు. ముప్పై ఏళ్లుగా రైతులకు మోతాదులు చెప్పిన మనిషి కదా. వరికి చల్లినట్టే గుప్పెడు యూరియా చల్లాడు.

మూడో రోజుకు చేపలు వెల్లకిలా తేలడం మొదలైంది.

"నా కండ్ల ముంగట ఇగ ఏదీ బతకది" అని ప్రభావతి గోడవైపు తిరిగి పడుకుంది. మెల్లగా లేచి నిలబడమని డాక్టరు చెప్పినా లేవలేదు. ఇట్లాగే ఉంటే ఆమె మంచానికే అంటుకుపోతుందని విశ్వేశ్వర్ భయం.

అంతా విని ఆ పెద్దమనిషి ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. ఆయనే సత్తయ్య. కర్దనూర్ మనిషి. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడట. అక్కడి ఆఫీసులో ఇట్లాంటి తొట్టిని ఆయనే చూసుకునేవాడట.

సగం నీళ్లు తోడేసి, నిలవ ఉంచిన నీళ్లు మెల్లగా పోశాడు.

"ఇది మడి గాదు, సేటూ. మడిల ఎక్కువైతే కాల్వకు పోతది. ఈడికెల్లి యాడికి పోతది?"

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. చేపల మలమే మొక్కలకు యూరియా. ముదురాకుకు చిల్లులు పడితే పొటాష్ తక్కువైనట్టు. లేతాకు తెల్లబోతే ఇనుము తక్కువైనట్టు. పొటాష్‌ను సీసా నీళ్లలో కరిగించి, పసిపిల్లల మందుకు వాడే గొట్టంతో వారానికి కొన్ని చుక్కలే వేశాడు. వేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. వేశాక పావుగంట కదలకుండా చేపల మొప్పలనే చూసేవాడు.

"ఇచ్చుడు కాదు పెద్ద పని. ఇచ్చినంక కూసోని చూడాలె."

దేవుడికి ఎంత ఎక్కువ పెడితే అంత పుణ్యమనుకునే విశ్వేశ్వర్‌కు ఆ మాట ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

ఏడు చేపలు మిగిలాయి.

నాలుగో శనివారం సత్తయ్య మంచం వైపు తిరిగాడు.

"అమ్మా, రాయి ఎనుక కొత్తాకు పుట్టింది. పండుకుంటే కనవడది."

ప్రభావతి గోడవైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది. రెండు అడుగులు వేసి, తొట్టి మీదికి వంగి చూసింది.

ఆ తర్వాత కూడా సత్తయ్య ప్రతి శనివారం బస్సెక్కి వచ్చేవాడు. పైసలు వద్దనేవాడు. చాయ వద్దనేవాడు. ఎండన పడి వచ్చినా మంచినీళ్లు ముట్టేవాడు కాదు.

తమ ఇంట తాగకూడదనే పట్టింపా అని విశ్వేశ్వర్ ఒకసారి అడిగేశాడు.

"అయ్యో, గట్ల గాదు సేటూ. మొక్కు ఉన్నది."

మొక్కు ఏమిటని ఎవరినీ అడగకూడదు. విశ్వేశ్వర్ అడగలేదు.

మూడో ఏడు, ఒక శనివారం, ఆకుల సందున ఆవగింజలంత చేపపిల్లలు కదిలాయి. సత్తయ్య అద్దానికి నుదురానించి చూస్తూ కూర్చుండిపోయాడు. లేచేటప్పుడు ప్రభావతిని గ్లాసెడు మంచినీళ్లు అడిగి, నిలబడే తాగాడు.

తర్వాతి శనివారం రాలేదు. ఆపై శనివారమూ రాలేదు.

మొగుడూపెళ్లాలు పండ్లు కొనుక్కుని కర్దనూర్ బస్సెక్కారు.

తలుపు తీసింది ఆయన భార్య కౌసల్యమ్మ. సత్తయ్య పోయి పదకొండు రోజులైందని చెప్పింది. గుండె నొప్పి అట. వీళ్లు ఫలానా అని చెప్పకముందే ప్రభావతి చెయ్యి పట్టుకుంది.

"తొట్టి అమ్మవు నువ్వేనా? మీ ఇంట్ల పిల్లలు పుట్టినయని ఆ దినం కడుపునిండ తిన్నడు. బాకీ జెర తీరిందే అన్నడు."

"మాకు ఆయన బాకీ ఏంది తల్లీ? మేమే పడ్డం" అన్నాడు విశ్వేశ్వర్.

"మీకు గాదు. తొట్లు చూసేతందుకు పద్నాలుగు ఇండ్లకు పోయెటోడు. యాడా ఎంగిలి వడలే. తొట్టిల పిల్లలు పుట్టెదాంక ఆ ఇంట్ల నీళ్లు గూడ ముట్టనని ఝరాసంగం దేవునికి మొక్కుకున్నడు."

ఆమె వాళ్లను ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. ఎదురుగా చెరువు. ఎర్రటి నీళ్లు, ఒడ్డంతా నురగ. ఒక్క కొంగ కూడా లేదు.

"వానపడ్డనాడు ఎవ్వలు చూడరని ఫ్యాక్టరీ మురుగు దీంట్లకు ఇడిసెటోళ్లు" అంది కౌసల్యమ్మ. "చెరువుల చేపలన్ని తెల్లగ తేలిన దినం, వాల్వు తిప్పింది మా ఆయన చెయ్యేనమ్మా."