తోమిన రాళ్ళు

చివరి ట్రిప్పులో చేపల బకెట్లు పట్టుకుని కొత్తింటికి వచ్చేసరికి, మా ఆవిడ అక్వేరియం రాళ్ళన్నీ కుళాయి కింద తోమేసింది.

"ఎంత పాచండీ! పీచు పెట్టి రుద్దితే గానీ వదల్లేదు. ఆ మురికి కొత్తింట్లో పెడతామా?" అంది, మోచేత్తో నుదురు తుడుచుకుంటూ.

అది పాచి కాదు, రాళ్ళ మీద పెరిగే పగడాలు. ఉప్పునీళ్ళలోంచి తీస్తే ముడుచుకుపోయి అలా జిగటగా కనిపిస్తాయి. పదేళ్ళుగా నేను పెంచిన ప్రాణాలు కుళాయి నీళ్ళతో పాటు తూములోకి పోయాయి.

అరవబోయి నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ ఓ రాయి ఎత్తి చూపించింది.

"బాగా వచ్చాయా?"

"తళతళలాడుతున్నాయి," అన్నాను.

ఉప్పునీళ్ళు నింపి ఉంచిన తొట్టిలో ఆ రాళ్ళు తనే పేర్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఇది నా సవతి అని మిమ్మల్ని సాధించాను. ఇక మనిద్దరిదీ. చేపల్ని వదలండి, దేని పేరేంటో చెప్పండి."

ఈ మాట కోసమే పదేళ్ళు ఎదురు చూశాను.

బకెట్లో చేపలు ఎంతసేపని ఆగుతాయి? పగడాల సందులో తప్ప నిద్రపోని నీలం చేపను ముందుగా వదిలాను. అది ప్రతి రాయి దగ్గరికీ వెళ్ళి, తడిమి, మళ్ళీ మొదటి రాయి దగ్గరికే వచ్చింది.

ఆవిడ చప్పట్లు కొట్టింది. "చూశారా! కొత్తిల్లు ఎంత నచ్చిందో, మూలమూలా తిరిగి చూసుకుంటోంది."