లోపలి కోటకు అనుమతి

మొదటి టీ కప్పు కండక్టరు ముందుకు వెళ్ళింది.

బల్ల మీద పరిచిన పటంపై వేలుంచి, శిథిల నగరపు ఉత్తర ద్వారాన్ని వివరిస్తున్న ప్రిన్సిపాలు గారు మాట మధ్యలో ఆగిపోయారు. ఆ ఇంట్లో మొదటి కప్పు ఎప్పుడూ ఆయనదే.

"ఆగారేమండీ? చెప్పండి," అన్నది భార్య.

"చెబుతాను. వినేవారుంటే."

ఆయన చరిత్ర బోధించి, కళాశాల ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసినవారు. నర్సమ్మ, క్యాషియరు మొదలైన ఉదయపు నడక మిత్రులను ఆ పురాతన నగరానికి తీసుకువెళ్ళి, దగ్గరుండి చూపించాలన్నది ఆయన చిరకాల వాంఛ. కంచె వేసి ఉన్న లోపలి కోటను ఇప్పుడు కొద్దిరోజులు మాత్రం, అనుమతి ఉన్నవారికి తెరుస్తున్నారు. ఈ ఆదివారంతో సరి. తరువాత మరమ్మతులకు మూసివేస్తే మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

కండక్టరు ఈ మధ్యనే మేడమీది వాటాలో అద్దెకు దిగినవాడు. బస్సు ఉద్యోగం ముగిసినా నోరు ఊరుకునేది కాదు.

"సార్, మీ ప్లానులో చిన్న సందేహమండీ. దిగగానే పట్టాభిషేకం, ఆపైన యుద్ధం, ఎండెక్కేసరికి రాజ్యం పోయింది. మరి మనం టిఫిను తినేదెప్పుడు?"

అందరూ పగలబడి నవ్వారు. భార్య కూడా.

"రాజ్యం పోయాక తిందాంలే అన్నయ్యా. అప్పుడంతా తీరికేగా!" అన్నది నర్సమ్మ.

అన్నయ్య! ఇన్నేళ్ళ పరిచయంలో ప్రిన్సిపాలు గారిని ఆమె "సార్" దాటి పిలిచిన పాపాన పోలేదు.

"చరిత్ర హాస్యం కాదు," అన్నారాయన.

"కాదండీ. అందుకే నన్నూ కలుపుకోమంటున్నా. ఓ మూల కూర్చుని వస్తాను. ఇంకేమీ అడగను."

ఆ మాటన్నప్పుడు మాత్రం కండక్టరు ముఖంలో నవ్వు లేదు.

అనుమతి కోసం ప్రిన్సిపాలు గారు ఆంగ్లంలో ఘనమైన దరఖాస్తు పంపారు. కుదరదన్నారు. మరింత ఘనంగా రాశారు. మళ్ళీ కుదరదన్నారు.

"ఈసారిది నాకివ్వండి సార్. ఆ ఆఫీసు వైపే పోతున్నా," అని కండక్టరు పట్టుకెళ్ళాడు. మరునాడే, బృందంతో రావచ్చునని ఫోను వచ్చింది.

"చూశారా, భాషకున్న బలం!" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"మరేనండి," అన్నాడు కండక్టరు.

"భాషదేముంది గానీ, మన కండక్టరు చెయ్యి మంచిది," అన్నాడు క్యాషియరు.

ప్రిన్సిపాలు గారికి కడుపు భగ్గుమన్నది. ఆ మంట మీద భార్య మరికాస్త నూనె పోసింది.

"వ్యానులో ముందు సీటు ఆయనకే ఇద్దామండీ. దారి పొడుగునా నవ్విస్తారు."

ముందు సీటు! నాయకుడు కూర్చునే చోటు!

ఆ సాయంత్రమే ఆయన మేడ మెట్లెక్కారు. కండక్టరు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాను కొక్కేనికి తగిలిస్తున్నాడు.

"చూడండి, వ్యానులో చోటు చాలడం లేదు. పైగా ఇది పాత మిత్రుల యాత్ర. మీరు మరొకమారు వెళ్ళవచ్చును."

"మరొకమారంటే... మూసేస్తున్నారు కదండీ."

"అందుకు నేనేమి చేయగలను?"

"నిలబడైనా వస్తాను సార్. బతుకంతా నిలబడే తిరిగినవాణ్ణి."

"వ్యానులో నిలబడనివ్వరు."

"అదికాదు సార్. నేను లేకపోతే అక్కడ గేటు దగ్గర మీకు..."

"గేట్ల దగ్గర ఎలా మాట్లాడాలో నాకు తెలుసు."

కండక్టరు కొంతసేపు ఆ చొక్కా వంకే చూశాడు.

"సరేనండి. అమ్మగారూ వాళ్ళూ ఎంతో ఆశపడుతున్నారు. క్షేమంగా వెళ్ళిరండి."

ఒంట్లో బాగులేక కండక్టరు రావడం లేదని ప్రిన్సిపాలు గారు మిగతావారికి చెప్పారు.

ఆదివారం ముందు సీటులో ఆయనే కూర్చున్నారు. వ్యానులో ఎవరూ నవ్వలేదు. యుద్ధం మొదలుకాక మునుపే క్యాషియరు గురక పెట్టాడు.

లోపలి కోట గేటు దగ్గర ఒక యువ అధికారిణి ఎదురొచ్చింది. దిగినవారి ముఖాలు ఒక్కొక్కటే చూసింది.

"ఆయన నిజంగానే రాలేదా?"

"ఎవరమ్మా? బృంద నాయకుణ్ణి నేను. దరఖాస్తు నాది."

"మీ దరఖాస్తుకి ఎప్పుడూ కుదరదనే చెప్పామండీ. మూసేముందు ఇక్కడివాళ్ళు వచ్చి చూసుకోవచ్చని రూలు. కుటుంబానికి ఒక్కసారే. వాళ్ళ వెంట ఎవరొచ్చినా పంపిస్తాం."

"ఇక్కడివాళ్ళా? ఈ నగరం పాడుపడి శతాబ్దాలైంది! నేను పాఠం చెప్పినవాణ్ణి."

"రాజులు పోయి శతాబ్దాలైందండీ. తవ్వకాలకి ఖాళీ చేయించేదాకా ఈ గోడల మధ్య కాపురాలుండేవి."

భార్య భర్త వంక చూసింది.

"ఒంట్లో బాగులేదన్నారుగా మీరు? ఫోను చెయ్యండి. ఇప్పుడైనా బయలుదేరమనండి."

"సాయంత్రానికి తాళం పడిపోతుందమ్మా. అంత దూరం నుంచి అందుకోలేరు," అన్నది అధికారిణి. "పొద్దున్నే ఆయనే ఫోను చేశారు. 'నాకు కుదరలేదు తల్లీ, వచ్చేది మావాళ్ళే, నా వంతు వాళ్ళకిచ్చెయ్' అన్నారు."

ప్రిన్సిపాలు గారు చేతిలోని పటాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆమె గేటు తెరిచి పక్కకు తప్పుకున్నది.

"రండి, మీరంతా ఆయన చుట్టాలేగా. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళలో ఇంకా బతికున్నది ఆయనొక్కరే."